గ్లాసు ఖాళీ అయ్యేదాకా

మొన్న బందరులో మాకు మూడు రోజులు ట్రైనింగ్ పెట్టారు. చదువులో వెనకబడే ప్రత్యేకమైన పిల్లలకు బడిలో ఎలా నేర్పాలన్నది విషయం. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇలాంటివి చాలా చూశాను. మామూలుగా అయితే వెనక వరసలో కూర్చుని, ఇచ్చిన ఫైలు అట్ట మీద ముగ్గులు వేసుకుంటాను. రెండో రోజు ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు మద్యం తాగితే లోపలి బిడ్డ మెదడు దెబ్బతింటుందని, దాన్ని ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అంటారని, అలా పుట్టిన పిల్లలు మొండివాళ్లూ బద్ధకస్తులూ కారని, మనమే చెప్పే పద్ధతి మార్చుకోవాలని చెప్పుకొచ్చాడు. తర్వాత తెర మీద మొదటి సూచన పడింది. ఒకసారికి ఒక్క మాటే చెప్పండి.

అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. ఆ మాట ఏడేళ్ల కిందట దివిసీమలో ఒక బడి వరండాలో, సంతకం పెట్టడం రాని ముసలావిడ నాకు చెప్పింది. చెప్పినందుకు ఆవిడ మీద కేకలేశాను కూడా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఇప్పటికీ ఆ బడిలోనే పనిచేస్తున్న టీచరు కనిపించింది. "మన మామ్మ ఎలా ఉందమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

"మీకు తెలీదాండీ? పోయింది. నెలన్నర దాటింది. జ్వరమొచ్చి నాలుగు రోజులే పడుకుంది."

సాయంత్రం క్లాసులో ఎవరేం చెప్పారో కూడా గుర్తులేదు. తెర మీద ఆ మాట చూసినప్పుడు, ఈ ఆదివారం వెళ్లి "నువ్వు చెప్పిందే రైటట మామ్మా, డాక్టర్లు కూడా అదే అంటున్నారు" అని చెప్పాలనుకున్నాను. చెప్పడానికి ఆవిడ లేదు.

నాగాయలంకకి అవతల, కృష్ణ కరకట్ట కింద ఉండేది ఆ బడి. మాది గుడివాడ. మా నాన్నా తాతా కూడా బడిపంతుళ్లే కావడంతో పాఠం చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిందని ఒక పొగరు ఉండేది. నోరు కూడా పెద్దదే. హెడ్మాస్టరు గారు నాతో ఏదైనా చెప్పాలంటే పక్క టీచరు చేత చెప్పించేవారు. అవనిగడ్డలో గది అద్దెకు తీసుకుని, రోజూ షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. నేను దిగేసరికే మామ్మ వరండా చివర కూర్చుని ఉండేది.

ఆవిడ ఒళ్లో ఎప్పుడూ కొబ్బరాకు ఉండేది. చిన్న చాకుతో ఆకు చీల్చి ఈనె తీసి, పక్కన పేర్చేది. సాయంత్రానికి రెండు చీపుళ్లు అయ్యేవి. కళ్లజోడుకి ఒకవైపు కాడ లేదు, దాని బదులు పురికొస చెవికి చుట్టుకునేది. చూపు బడి వైపు ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. కూర్చోబోయే ముందు తన చీపురుతోనే వరండా అంతా ఊడ్చేది. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. పిల్లలందరికీ ఆవిడ మామ్మే. మాకూ అంతే.

ఆవిడ అలా కాపలా కూర్చునేది మనవరాలి కోసం. దుర్గ అప్పుడు రెండో తరగతి. ఎనిమిదేళ్లు నిండినా ఆరేళ్ల పిల్లలా ఉండేది. చిన్న కళ్లు, సన్నటి పై పెదవి. ముక్కు కింద అందరికీ ఉండే చిన్న గాడి ఆ పిల్లకు లేదు, అక్కడ నున్నగా ఉండేది. ఎవరు పిలిచినా నవ్వుతూ వెళ్లిపోయేది. సోమవారం పది అక్షరాలు గడగడా చెప్పేది. మంగళవారానికి ఒక్కటీ ఉండేది కాదు. నేను దాన్ని ఒళ్లు బద్ధకం అనుకున్నాను.

ఒకరోజు క్లాసులో, "పుస్తకం తీసి, పదిహేనో పేజీ తిప్పి, పైన తారీకు వేసి, మొదటి లెక్క చెయ్యండి" అన్నాను. దుర్గ పుస్తకం తీసింది. తీసి, ఒళ్లో పెట్టుకుని నవ్వుతూ కూర్చుంది. మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి బయట నిలబడమన్నాను. వరండాలోంచి మామ్మ లేచి వచ్చింది.

"కోప్పడకండి టీచరుగారూ. దానికి ఒక్క మాటే చెప్పండి. రెండో మాట చెప్తే మొదటిది జారిపోద్ది."

"అయితే నువ్వొచ్చి పాఠం చెప్పు. నేను అక్కడ కూర్చుని ఈనెలు తీస్తాను" అన్నాను.

"మీకెందుకండీ, చేతులు కోసుకుపోతయ్యి" అంది. ఎకసెక్కం కాదు, నిజంగానే నా చేతుల గురించి ఆలోచించి అంది. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అయినా మర్నాడు, ఎవరూ చూడకుండా, దుర్గ దగ్గరికెళ్లి "పుస్తకం తియ్యి" అని ఊరుకున్నాను. తీసింది. "పేజీ తిప్పు" అన్నాను. తిప్పింది. అలా ఏడు మాటలకు లెక్క అయింది. తప్పే అనుకోండి, కానీ చేసింది. నా ఇరవై ఏళ్ల పాఠాలు వరండాలో కూర్చున్న మనిషి ముందు తలవంచుకున్నాయి. అప్పుడు ఆ సంగతి ఆవిడతో చెప్పలేదు.

మామ్మ దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. పొద్దున్న బడికి రాగానే దుర్గ చేతిలో మూడు ఈనెలు పెట్టేది. సంచి మేకుకు తగిలిస్తే ఒకటి తెచ్చి తిరిగిచ్చెయ్యాలి. కాళ్లు కడుక్కుంటే ఒకటి. మూడోది క్లాసులో తన చోట కూర్చున్నాక. దాన్ని తీసుకోవడానికి మామ్మ కిటికీ ఊచల్లోంచి చెయ్యి లోపలికి చాపేది. ముసలి చెయ్యి, వేళ్లకు ఆకు పసరు. దుర్గ ఆ చేతిలో ఈనె పెట్టేది. చెయ్యి బయటికి వెళ్లిపోయేది. అప్పుడు దుర్గకు బడి మొదలైనట్టు. ఎన్నాళ్లిలా అని అడిగితే, "అది నేర్చుకునేదాకానండీ. రోజూ చెప్పాలి, అదే మాట, అదే గొంతుతో. గొంతు మారిందనుకోండి, కొత్త మాటనుకుంటది" అనేది.

పెద్ద పిల్లలు దుర్గ మంచితనాన్ని వాడుకునేవాళ్లు. ఒకసారి ఆఫీసు గదిలో సుద్దముక్కల పెట్టె తెమ్మని పంపారు. హెడ్మాస్టరు గారు పట్టుకుని, ఎందుకు తీశావని పది రకాలుగా అడిగారు. ఆ పిల్ల అన్నిటికీ తలూపింది. అమ్ముకోవడానికా అంటే ఊఁ అంది, తినడానికా అంటే ఊఁ అంది. మామ్మ గుమ్మం దగ్గర నిలబడి, "దానికి ఎందుకు అన్నది రాదండీ. ఎక్కడ అని అడగండి, ఎవరు అని అడగండి" అంది. ఎవరు తెమ్మన్నారు అని అడిగారాయన. దుర్గ వేలు పెట్టి చూపించింది.

ఆ ఏడాది బడిలో పిల్లలకు ఆరోగ్య పరీక్షలు జరిగాయి. వచ్చిన డాక్టరమ్మ దుర్గ మొహం చాలాసేపు చూసి, విజయవాడలో ఒక పిల్లల డాక్టరు పేరు రాసిచ్చింది. తల్లికి రొయ్యల చెరువుల దగ్గర పని, సెలవు దొరకలేదు. తండ్రి లారీ మీద ఎక్కడో ఉన్నాడు. "మీరు తోడొస్తే అర్థం చేసుకుంటారు టీచరుగారూ" అంది మామ్మ. వెళ్లాను.

ఆ డాక్టరు అన్నీ అడిగి రాసుకుంటూ, "తల్లి కడుపుతో ఉన్నప్పుడు సారా గానీ, ఇంకేమైనా గానీ తాగేదా?" అన్నాడు.

మామ్మకు కోపం వచ్చింది. "సారానా? మా కోడలు సారా వాసన కూడా ఎరగదు బాబూ" అంది. తర్వాత కొంచెం నిటారుగా కూర్చుని, "మా ఆయన తాళ్లు గీసి కల్లు దింపేవాడు. కడుపుతో ఉన్న పిల్లకి వేడి చెయ్యకూడదని, చలవకని, మూడో నెల నుంచీ నేనే కల్లు పోశాను. రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసు. తాటికల్లు అయిపోతే ఈతకల్లు. ఆ పిల్ల వద్దనేది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను ఎదురుగుండా కదిలేదాన్ని కాదు" అంది. కోడల్ని బాగా చూసుకున్న అత్తగారి గొంతు అది. పొగుడుతాడని డాక్టరు వైపు చూసింది.

డాక్టరు రాయడం ఆపాడు. నా వైపు తిరిగి ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. మొహంలో గుర్తులన్నీ కడుపులో ఉండగా మద్యం తగిలిన పిల్లలవే అన్నాడు. నయమయ్యేది కాదు, అలాగని ముదిరేదీ కాదు, ఓపికగా నేర్పితే చాలా నేర్చుకుంటుంది అన్నాడు. కల్లయినా సారా అయినా కడుపులో బిడ్డకు ఒకటే అన్నాడు. ముసలావిడకు మీరే ఎలాగో చెప్పండి అని తర్వాతి పేషెంటును పిలిచాడు.

తిరుగు బస్సులో దుర్గ మామ్మ ఒళ్లో నిద్రపోయింది. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. ఎండ మొహాన కొడుతోంది.

"డాక్టరుగారు ఇంగ్లీషులో ఏదో అన్నారు కదండీ. మీ మొహం మారిపోయింది" అంది.

"తర్వాత చెప్తాలే మామ్మా."

"తర్వాతంటే నేనాగలేను. పెద్ద మాటలొద్దు. నాకూ ఒక్క మాటే చెప్పండి."

పొద్దున్న నాలుగింటికి లేచాను. ఆకలి, ఎండ. అంతకంటే కోపం, ఎవరి మీదో తెలియని కోపం. బంగారం లాంటి పిల్ల, చేతులారా ఇలా చేసుకున్నారు కదా అని. నా నోరు సంగతి చెప్పాను కదా.

"నువ్వు పోసిన కల్లే మామ్మా, ఇదంతా చేసింది" అన్నాను.

ఆవిడ ఏడవలేదు. అలా కాదనలేదు. దుర్గ తల నిమురుతున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది. నాకు తెలిసి ఆ చెయ్యి ఊరికే ఉండటం అదొక్కసారే చూశాను. బస్సు కదిలి, పామిడిముక్కల వైపు వచ్చాక అడిగింది.

"సున్నం కుండదైతేనో?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. కుండ లోపల సున్నం పూసి చెట్టుకు కడితే రసం పులవదట, తియ్యగా ఉంటుందట, మత్తు ఉండదట. సున్నం లేకుండా కడితే తెల్లారేసరికి కల్లు. "మా ఆయన రెండూ దింపేవాడు. ఏది ఏ రోజు పోశానో నాకేం గుర్తు? తియ్యటిదే పోశానేమో. ఆయన్ని అడుగుదామంటే లేడు కదా" అంది.

తియ్యటిదే అయ్యుంటుందిలే అని నేను అనొచ్చు. ఒక చిన్న అబద్ధం, అవనిగడ్డ దాకా ఆవిడకు ఊపిరాడేది. నాకు నోరు రాలేదు. "నాకు తెలీదు మామ్మా" అన్నాను. ఆ రోజు ఎక్కువ మాట్లాడిన దానికీ, తక్కువ మాట్లాడిన దానికీ నన్ను నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.

మర్నాడు ఎప్పటిలాగే వచ్చింది. వరండా ఊడ్చింది, మూడు ఈనెలు ఇచ్చింది, కిటికీలోంచి చెయ్యి చాపింది. మూడు రోజుల తర్వాత దుర్గ తల్లి బడికి వచ్చింది. అదే మొదటిసారి రావడం. సన్నటి మనిషి. గుమ్మంలోనే నిలబడింది.

"మా అత్త ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఏమందో తెలుసాండీ? పిల్ల ఇలా పుట్టింది నీ వల్ల కాదే, నా చేత్తో నేనే చేశాను అంది. అంతే, ఒక్క మాట. ఎనిమిదేళ్లండీ. ఎనిమిదేళ్లు, అది మందబుద్ధి మా మేనమామ పోలికని, తప్పు మా పుట్టింటిదని నలుగుర్లో అన్నది. ముక్కు మూసుకుని తాగేదాన్ని. కక్కుకుంటే మళ్లీ పోసేది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగుండా నిలబడేది." కళ్లలో నీళ్లు లేవు, మంట ఉంది. "ఇప్పుడు ఆవిణ్ని నేనేం చెయ్యాలో చెప్పండి."

ఆ తర్వాత చాలాకాలం కోడలు అత్తతో మాట్లాడలేదని విన్నాను. మామ్మ మాత్రం కోడలు పనినుంచి వచ్చి తినేదాకా తను కంచం ముందు కూర్చునేది కాదట.

నేను చేసిన తెలివితక్కువ పని ఇంకొకటి ఉంది. అంగన్‌వాడీలో గర్భిణీలకు మీటింగు పెడుతుంటే, నువ్వొచ్చి నీ సంగతి చెప్పు మామ్మా, దుర్గను కూడా తీసుకురా, చూస్తే అందరికీ బుద్ధొస్తుంది అన్నాను. ఈనె తీస్తున్న చాకు పక్కన పెట్టి నన్ను చూసింది.

"దాన్ని నిలబెట్టి చెప్పమంటారా? అది అక్కడే ఉంటది కదండీ. వింటది కదా."

నేను తలదించుకున్నాను. ఆ పిల్ల వింటుందన్న ఆలోచన, రోజూ ఆ పిల్లకు పాఠం చెప్పే నాకు రాలేదు.

మీటింగుకి ఆవిడ రాలేదు. కొన్నాళ్లకు గమనించాను. పొద్దున్నే బడికి వచ్చే ముందు, చేతిలో చెంబుతో వీధిలో తిరిగేది. ఎవరి ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే ఆ ఇంటికి వెళ్లేది. చెంబులో పల్చటి మజ్జిగ, కాస్త ఉప్పు. "చలవ చేస్తది, తాగమ్మా" అని గ్లాసులో పోసి ఎదురుగా నిలబడేది. ఖాళీ అయ్యాకే కదిలేది. కల్లు వద్దని చెప్పేది కాదు, దుర్గ మాట ఎత్తేది కాదు. మజ్జిగ తాగిన కడుపులో కల్లుకి చోటుండదని ఆవిడ లెక్క. ముసలిదానికి చాదస్తం అని వీధిలో నవ్వుకునేవాళ్లు. దేనికో తెలిసింది మామ్మ కోడలికీ, నాకూ మాత్రమే. తర్వాత నాకు గుడివాడ బదిలీ అయింది. నాలుగేళ్లు వెళ్లనే లేదు.

ట్రైనింగ్ అయిపోయాక ఆదివారం వెళ్లాను. రేకుల ఇల్లు, ముందు తాటాకు వసారా. దుర్గ తల్లి నన్ను చూసి కుర్చీ వేసింది. దుర్గ పేరుకి హైస్కూల్లో ఉందని, వారానికి రెండు రోజులు వెళ్తే గొప్పని చెప్పింది. అక్కడ ఆరుగురు టీచర్లు, ఆరు గొంతులు. ఒక్క మాటే చెప్పే తీరిక ఎవరికీ లేదు. నేను వాళ్లతో మాట్లాడతానన్నాను. ఆవిడ ఊఁ అంది, పెద్దగా నమ్మినట్టు లేదు.

"దుర్గ ఏదమ్మా?"

"మజ్జిగ ఇవ్వడానికి వెళ్లిందండీ. మూడో ఇంట్లో పిల్లకి ఏడో నెల."

వసారాలోంచి కనిపిస్తూనే ఉంది. గుమ్మం మీద కూర్చున్న పిల్ల సగం గ్లాసు తాగి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. ఎదురుగా దుర్గ. ఎత్తు పెరిగింది, మొహం అదే. చెంబు రెండు చేతులతో పట్టుకుని గ్లాసు వైపే చూస్తోంది. "తాగుతానే, నువ్వెళ్లు" అంటోంది ఆ పిల్ల. దుర్గ కదల్లేదు. మిగతాది తాగించాకే వచ్చింది.

దాని చేతిలో, పని అయ్యాక తిరిగిచ్చే ఈనె ఒకటి ఉంది. తల్లి కూర్చున్న చోటునుంచే చెయ్యి చాపి, "ఇటివ్వు" అంది.

"మామ్మకి" అంది దుర్గ. వెళ్లి వసారా చూరులో దోపింది. అక్కడ అప్పటికే గుప్పెడు ఈనెలున్నాయి. కొన్ని పచ్చగా, కొన్ని ఎండిపోయి.

"మామ్మ ఎక్కడ అని అడిగిందండీ" అంది తల్లి. "ఎక్కడా అంటే చూపించాలి కదా. కరకట్ట పక్కన పూడ్చిన చోటుకి తీసుకెళ్లాను. చూసింది. సరే అంది. ఎప్పుడొస్తది అంది." చూరు వైపు చూసింది. "ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను మనసిచ్చి మాట్లాడింది లేదండీ. పోయేముందు రోజు గ్లాసులో మజ్జిగ పోసిస్తే, నేనెదురుగా నిలబడ్డానని మొత్తం తాగింది. గుటక పడక అవస్థ పడుతూ తాగింది. ఇప్పుడు రోజూ దీనికి చెయ్యి చాపుతున్నాను. రోజూ ఇవ్వదు. అదే మాట, అదే గొంతుతో చెప్పాలి కదా. చెప్తున్నా."

అప్పటికి దుర్గ నన్ను గుర్తుపట్టింది. "టీచరుగారు" అంది, నవ్వింది. చెంబులో మిగిలిన మజ్జిగ గ్లాసులో పోసి నా చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడింది. గ్లాసు పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. ఎందుకు ఏడుస్తున్నారని ఆ పిల్ల అడగలేదు. దానికి ఎందుకు అన్నది రాదు.

"తాగండి టీచరుగారూ" అంది తల్లి. "మీరు తాగేదాకా అది కదలదు."

తాగాను.